చేతి మీది కౌంట్లు పోయాయి, లెక్క మిగిలిపోయింది

అణు పరిశోధన ప్రయోగశాలలో ఎనిమిదేళ్లుగా రేడియోకెమిస్టుగా పనిచేస్తున్న 33 ఏళ్ల పాఠకురాలు ఒకరు, పేరు ప్రకటించవద్దని కోరుతూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. ప్లుటోనియం, అమెరీషియం వంటి ఆల్ఫా కణాలు వెలువరించే మూలకాలను ఆమ్ల ద్రావణాల నుంచి వేరుచేయడం ఆమె పని. మూడు నెలల కిందట ఒక సాయంత్రం పని ముగించుకుని, గ్లవ్ బాక్స్ (గోడకు గ్లవ్‌లు బిగించి, లోపలి పదార్థాన్ని వాటి గుండానే పట్టుకునే మూసిన పెట్టె) లోంచి చేతులు బయటికి తీసి, అలవాటు చొప్పున పక్కనున్న ఆల్ఫా మానిటరుకు చూపగానే అలారం మోగింది. కుడి బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు, కంటామినేషన్ ఉంది, అంటే రేడియోధార్మిక పదార్థం అంటుకుంది. గ్లవ్‌కు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సూదిమొనంత రంధ్రం పడింది. లోపల తొడుక్కున్న పలుచని సర్జికల్ గ్లవ్ కూడా సరిగ్గా అక్కడే చిట్లింది. ఆ వేళకు గదిలో ఉన్నది ఆమె, ఆమెకు ఈ పనిని ఓనమాల నుంచి నేర్పిన సీనియర్ శాస్త్రవేత్త, ఇద్దరే. ఆయనే దగ్గరుండి గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో మూడుసార్లు చెయ్యి కడిగించారు. మూడోసారికి కౌంట్లు (మానిటరు లెక్కించే కణాల సంఖ్య) బ్యాక్‌గ్రౌండ్ స్థాయికి, అంటే పరిసరాల్లో మామూలుగా ఉండేంతకు, దిగిపోయాయి. గ్లవ్ మార్చారు. "పోయింది కదమ్మా, వచ్చే వారమే తనిఖీ ఉంది, ఇప్పుడు రిపోర్టు రాశామంటే నెల్లాళ్లు పని ఆగిపోతుంది, వదిలెయ్" అన్నారాయన. ఆమె వదిలేశారు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ బిడ్డ కావాలనుకుంటున్నారు. ఆ ఆలోచన వచ్చిన నాటి నుంచి ఆమెకు నిద్ర కరువైంది. ఒక రాత్రి ఉండబట్టలేక భర్తకు జరిగింది చెబితే ఆయన హడలిపోయి, ఉద్యోగం మానేయమన్నారు. మూడు నెలలు తన దగ్గర దాచినందుకు ఇంకా సరిగా మాట్లాడటం లేదట. ఇంతలో రేడియోధార్మిక ఔషధాలు తయారుచేసే ఒక ప్రయోగశాల నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. సీనియర్ శాస్త్రవేత్త ఎనిమిది నెలల్లో పదవీ విరమణ చేయబోతున్నారు. తన ఒంట్లోకి ఏమైనా చేరిందా, ఇప్పుడు నోరు విప్పితే గురువు వంటి మనిషిని చివరి రోజుల్లో బజారుకెక్కించినట్టు అవుతుందా, ఉన్నచోటే ఉండాలా వెళ్లిపోవాలా అని అడుగుతూ, ఉత్తరం చివర ఇలా రాశారు: "నేను భయపడుతున్నది ఆ రంధ్రానికో, దాన్ని దాచినందుకో నాకే తెలియడం లేదు."

మీ ఉత్తరంలోని ఆ చివరి వాక్యం దగ్గరే నేనూ మొదలుపెడతాను, ఎందుకంటే మీ చిక్కంతా ఆ వాక్యంలోనే ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఇటువంటి గదుల్లోనే బతికినవాణ్ణి కనుక, ఈ రెండు భయాలూ ఎంత తేలిగ్గా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయో నాకు తెలుసు. రెండూ ఒకే ద్రావణంలో ఉన్నంతకాలం దేన్నీ కొలవలేము. ముందు వేరుచేద్దాం, తరువాత కొలుద్దాం.

మొదట ఒంటి సంగతి. ఇది మీకు తెలియని విషయమేమీ కాదు; అయితే భయం పట్టుకున్నప్పుడు తెలిసిన విషయాన్ని కూడా మరొకరి నోట వినవలసి వస్తుంది. అమెరీషియం-241 వెలువరించే ఆల్ఫా కణం గాలిలో దాదాపు నాలుగు సెంటీమీటర్లకు మించి పోలేదు, కణజాలంలో అయితే దాదాపు 40 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. అరచేతి చర్మం పైనున్న మృతకణాల పొర అంతకంటే మందంగా ఉంటుంది. చర్మం తెగకుండా ఉండి, కంటామినేషన్ కొద్ది నిమిషాలే ఉండి, సబ్బునీళ్లతో పూర్తిగా పోయిన పక్షంలో, ఆ చేతికి జరిగిన హాని లెక్కలోకి రాదు. ఆల్ఫా పదార్థాలతో అసలు ప్రమాదం అవి లోపలికి చేరినప్పుడే: ఊపిరితో గాని, నోటితో గాని, గాయం గుండా గాని. అందుచేత మీరు అడగవలసిన ప్రశ్న చెయ్యి శుభ్రపడిందా అని కాదు, అది శుభ్రపడేలోగా ఇంకేం జరిగింది అని.

మీ ఉత్తరంలో ఆ సంగతులు లేవు. బొటనవేలి దగ్గర గోరు చీలినదో, చిన్న గాటో ఉందా? మానిటరుకు చూపే ముందు ఆ చేత్తో మాస్కు గాని, కళ్లద్దాలు గాని సర్దుకున్నారా? ఆ రోజు గదిలోని గాలి మానిటరు మామూలుగానే ఉందా? గ్లవ్ బాక్స్ లోపలి పీడనం గదిలోకంటే తక్కువగా ఉంచుతారు గనుక రంధ్రం పడినా గాలి లోపలికే లాగుతుంది. మీ పని ద్రావణాలతో గనుక పొడిలాగా ఎగిరేది తక్కువ. అలారం చేతి మీద తప్ప మరెక్కడా మోగలేదు. వీటన్నిటినీ బట్టి లోపలికేమీ చేరి ఉండదనే నేను అనుకుంటున్నాను. కానీ చెయ్యి వేగంగా వెనక్కి లాగినప్పుడు గ్లవ్ పంపులాగా పనిచేసి, లోపలిదాన్ని కాస్త బయటికి నెట్టగలదని కూడా మీకు తెలుసు. నేననుకోవడం వేరు, కొలవడం వేరు. మీరే ఒక నమూనాలో ఏమీ కనిపించకపోతే సున్నా అని రాయరు, గుర్తింపు పరిమితికంటే తక్కువ అని రాసి ఆ పరిమితి ఎంతో కూడా రాస్తారు. మీ ఒంటి విషయంలోనూ మీకు ఆపాటి ఫలితం కావాలి. అది లేనందువల్లే రాత్రులు నిద్ర పట్టడం లేదని నా అనుమానం.

ఆ కొలత ఇప్పటికీ సాధ్యమే. ప్లుటోనియం, అమెరీషియం రక్తంలోకి చేరితే చాలావరకు ఎముకల్లోనూ కాలేయంలోనూ దశాబ్దాల పాటు నిలిచిపోతాయి, అందులోంచి అతి కొద్ది భాగం రోజూ మూత్రంలో బయటికి వస్తూనే ఉంటుంది. మూడు నెలలు గడిచినా, వరుసగా కొన్ని రోజుల పాటు 24 గంటల మూత్రం సేకరించి, రసాయనికంగా వేరుచేసి, ఆల్ఫా కణాలను శక్తిని బట్టి గుర్తించే స్పెక్ట్రోమీటరులో రోజుల తరబడి లెక్కిస్తే మిల్లీబెకరెల్ స్థాయిలో, అంటే అతి స్వల్పంగా, ఉన్నా పట్టుకోవచ్చు. అమెరీషియం-241కు 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం కూడా ఉంది గనుక, ఊపిరితిత్తుల్లో చెప్పుకోదగినంత ఉంటే బయటి నుంచే కౌంటరు దాన్ని చూడగలదు. ఇవన్నీ మీ చేతుల మీదుగా ఇతరుల నమూనాలకు జరిగిన పనులే కావచ్చు. ఈసారి సీసా మీద మీ నంబరు ఉంటుంది, అంతే తేడా.

పోగొట్టుకున్నది మాత్రం ఒకటుంది, దాన్ని దాచి మీకు ఊరట చెప్పలేను. ఆ సాయంత్రమే హెల్త్ ఫిజిక్స్ (రేడియేషన్ రక్షణ చూసే విభాగం) వారిని పిలిచి ఉంటే, ముక్కు లోపలి నుంచి దూదితో నమూనా తీసేవారు. నేల మీద, గ్లవ్ బిగించే అంచు మీద, మీ కోటు చేతి మీద స్వైపులు (తుడిచి లెక్కించే నమూనాలు) తీసేవారు. గాలి వడపోత కాగితాన్ని తీసి, గాలిలో సహజంగా ఉండే రాడాన్ వాయువు నుంచి పుట్టి దాని మీద చేరినవి క్షీణించేదాకా ఆగి మళ్లీ లెక్కించేవారు. నిజంగా లోపలికి చేరి ఉంటే, దాన్ని బయటికి రప్పించే డీటీపీఏ మందు మొదటి 24 గంటల్లో ఇస్తేనే ఎక్కువ పనిచేస్తుంది. ఆ అవకాశాలు ఇక రావు. రిపోర్టు అనేసరికి మనందరికీ నేరాంగీకార పత్రమన్న భావం కలుగుతుంది గాని, వాస్తవానికి అది ఫలానా కొలతలు ఫలానా వేళకు తీయండని చెప్పే పత్రం. మీ సీనియర్ ఆ సాయంత్రం తప్పించినది మాటపడటాన్ని మాత్రమే కాదు, ఈ కొలతలన్నిటినీ కూడా.

ఇప్పుడు బిడ్డ సంగతి. దీని మీద భయాలు చాలా, విషయం కొంచెమే. హిరోషిమా, నాగసాకి దాడుల నుంచి బతికి బయటపడ్డవారికి ఆ తరువాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా పరిశీలిస్తున్నా, తల్లిదండ్రులకు తగిలిన రేడియేషన్ వల్ల వంశపారంపర్య వ్యాధులు పెరిగాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదుచేసే మీ బ్యాడ్జీలో ఎనిమిదేళ్ల రీడింగులు ఎంతో మీరు రాయలేదు గాని, ఆల్ఫా గ్లవ్ బాక్సుల వద్ద పనిచేసేవారికి బయటి నుంచి తగిలే డోసు సాధారణంగా తక్కువే. రేడియేషన్ రక్షణ మీద సిఫార్సులు చేసే అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌పీ చెప్పిన, ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులన్న (మిల్లీసీవర్టు అంటే డోసును కొలిచే ప్రమాణం) పరిమితితో పోల్చి చూసుకోండి; ప్రకృతి నుంచే మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి రెండు మూడు మిల్లీసీవర్టులు అందుతాయన్నది కూడా పక్కన పెట్టుకోండి. గర్భం వచ్చినట్టు తెలియజేశాక, లోపలి బిడ్డకు మిగిలిన నెలలన్నిటిలో కలిపి ఒక మిల్లీసీవర్టు దాటకుండా చూడాలన్నది ఐసీఆర్‌పీ నియమం. బ్యాడ్జీ పరంగా మీ గదిలో అది కష్టం కాకపోవచ్చు. కానీ మీ గదిలో ముప్పు బ్యాడ్జీకి కనిపించేది కాదు, మొన్న పడిన రంధ్రం వంటిది. అందుకే గర్భవతులను, పాలిచ్చే తల్లులను ఆకస్మికంగా పదార్థం లోపలికి చేరే అవకాశమున్న పనుల్లో ఉంచరు. కాబట్టి బిడ్డ కావాలన్న ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే గ్లవ్ బాక్స్ నుంచి తప్పుకోవడం గురించి మాట్లాడటం మంచిది. తెలిసేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి గనుక.

తప్పుకోవడమంటే పని వదులుకోవడమని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరంలోని ఒక మాట వల్ల తోచింది. కౌంటింగు గదిలో స్పెక్ట్రాలను విశ్లేషించడం, అనిశ్చితి లెక్కలు సరిచూడటం, అమెరీషియం బదులు యూరోపియమో నియోడిమియమో, ప్లుటోనియం బదులు సీరియమో పెట్టి కొత్త పద్ధతిని రేడియోధార్మికత లేకుండానే నిలబెట్టడం, ఇవేవీ చిన్న పనులు కావు. చల్లని (రేడియోధార్మికత లేని) ప్రయోగం బాగా చేసినవారే వేడి (రేడియోధార్మికత ఉన్న) ప్రయోగంలో తడబడకుండా ఉంటారని మా గదిలో ఒక మాట ఉండేది. ఎనిమిది మోలార్ నైట్రిక్ ఆమ్లంలో రెసిన్ గొట్టం మీద ప్లుటోనియం ఆకుపచ్చ పట్టీలా ఆగి నిలబడటాన్ని ఒకసారి చూసిన మనిషికి సీరియం కాస్త చప్పగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఏడాదో రెండేళ్లో చప్పగా ఉంటే ఉండనివ్వండి.

ఇక దాచిన సంగతి. ఇదే మీ ఉత్తరంలో బరువైన భాగం, ఇక్కడ నేను కాసేపు ఆగుతాను.

మీ సీనియర్ చెడ్డవారని మీరెక్కడా అనలేదు, నాకూ అలా అనిపించలేదు. చెయ్యి ఎలా కడగాలో ఆయనకు తెలుసు: వేడినీళ్లయితే చర్మం లోపలికి పీల్చుకోవడం పెరగవచ్చని, గట్టిగా రుద్దితే పైపొర గీరుకుపోతుందని తెలిసి గోరువెచ్చని నీళ్లతోనే మెల్లగా కడిగించారు. ఆ తరంలో చాలామంది, కంటామినేషన్ పోయిందంటే విషయం ముగిసిందనే నమ్మారు. నా తొలి రోజుల్లో నేనూ అటువంటి పని ఒకటి చేశాను. ఫ్యూమ్ హుడ్ ముందు నేల మీద ఒక చుక్క పడితే తుడిచి, స్వైపు తీసి, శుభ్రంగా ఉందని చూసుకుని, రాయకుండా వెళ్లిపోయాను. నా బూటు కవరు అడుగున ఇంకొక చుక్క ఉన్న సంగతి నాకు తెలియదు. మర్నాడు ఉదయం, గది దాటేవారి కాళ్లూ చేతులూ పరీక్షించే హద్దు బల్ల దగ్గర అది బయటపడింది, కానీ నా పేరు మీద కాదు. నా తరువాత అదే దారిన నడిచిన ఒక టెక్నీషియన్ పాదాల కింద. రెండు రోజుల పాటు అతన్ని ప్రశ్నలతో వేధించారు. మూడో రోజున నేను వెళ్లి చెప్పాను. నాకు పడిన చీవాట్లు ఇప్పుడు గుర్తు లేవు, అతను నా వైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మీ గ్లవ్ రంధ్రం మీ ఒక్కరి సంగతి కాకపోవచ్చు. గ్లవ్ దానంతటది చిల్లిపడదు. విరిగిన పిపెట్ మొన గుచ్చుకుని ఉండవచ్చు. లేదా నైట్రిక్ ఆమ్లపు ఆవిర్లకు, ఆల్ఫా తాకిడికి ఏళ్ల తరబడి గురై రబ్బరు పెళుసుబారి, మడతపడే చోట పగిలి ఉండవచ్చు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ అనేది రెండో కారణానికే ఎక్కువ సరిపోతుంది, అక్కడే రోజంతా మడత పడుతుంది గనుక. అదే అయితే, అదే రోజున బిగించిన జత గ్లవ్‌లు అదే బాక్సుకు ఎడమ వైపున, పక్క గదుల్లోని బాక్సులకు ఇప్పటికీ ఉన్నాయి. మార్పు గడువు తగ్గించాలన్న నిర్ణయం ఒక రిపోర్టు వల్ల తప్ప రాదు. మీరు ఈ మూడు నెలల్లో ఆ ఎడమ గ్లవ్‌లో చెయ్యి పెట్టారా, పెడితే ఏమనిపించింది అన్నది మీకే తెలియాలి.

మరొక మాట. ఆ సంఘటన పూర్తిగా కప్పబడి ఉందని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. గ్లవ్ మార్చారు, అంటే స్టోరు నుంచి కొత్త గ్లవ్ వచ్చింది, పాతది ఆల్ఫా వ్యర్థాల సంచిలో పడింది, గడువు రాకముందే మార్చినట్టు ఎక్కడో ఒక గీత ఉండే ఉంటుంది. ఓపికగల తనిఖీదారుకు ఆ గీత చాలు. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. మౌనంగా ఉంటే ఏమీ జరగదన్నది మీ ముందున్న దారుల్లో ఒకటి కాదని చెప్పడానికి చెబుతున్నాను.

మీ ముందున్న దారులను నాకు తోచినంతలో చెబుతాను. వీటిలో ఏదీ కాలికి ముల్లు గుచ్చుకోని దారి కాదు. మొదటిది, ముందు మీ సీనియర్‌తో మాట్లాడటం. "సర్, నేను దీన్ని రాయబోతున్నాను, మీరూ నాతో వస్తే బాగుంటుంది" అని ఒక తేదీ చెప్పి మాట్లాడటం. ఆయన వస్తే ఇద్దరికీ గౌరవం మిగులుతుంది. ఎనిమిది నెలల్లో విరమించబోయే మనిషికి, తన చేతులతో తప్పు సరిదిద్దుకునే చివరి అవకాశాన్ని మీరే ఇచ్చినట్టవుతుంది. రాకపోతే మాత్రం ఆయన బతిమాలుతారు, లేదా కోప్పడతారు, ఆ రెంటిలో బతిమాలటమే మీకు కష్టం. తేదీ చెప్పకుండా మాట్లాడారంటే ఆ సంభాషణ ఆయన విరమణ దాకా సాగుతుంది, అది మటుకు నిశ్చయం.

రెండోది, ఆయనకు చెప్పకుండా నేరుగా రేడియేషన్ రక్షణ అధికారి దగ్గరికి వెళ్లడం. సూటిగా ఉంటుంది, త్వరగా ముగుస్తుంది. కొలతలు వెంటనే మొదలవుతాయి. అయితే మీకు పని నేర్పిన మనిషి ఈ వార్త మూడోవారి నోట వింటారు. నియమాల ప్రకారం అందులో తప్పేమీ లేదు, కానీ ఆ గదిలో ఆయనతో మీకింకా ఎనిమిది నెలలున్నాయి.

మూడోది, ముందుగా సంస్థ వైద్యుని దగ్గరికి వెళ్లి ఆరోగ్యపరంగా విషయం చెప్పి, పరీక్షలు అడగడం. మీ భయాల్లో మొదటిది ఇక్కడ తీరుతుంది. కానీ ఏ సంఘటన ఆధారంగా ఈ పరీక్షలు రాయాలని వైద్యుడు అడగక తప్పదు, డోసు లెక్కగట్టేవారికి తేదీ, పదార్థం, రసాయన రూపం కావాలి. అవి చెప్పాక అది రిపోర్టే అవుతుంది. మొహమాటం ఎక్కువున్నవారికి ఈ దారి మెట్లు కాస్త చిన్నవిగా ఉంటాయి, చేరేది మాత్రం అక్కడికే.

నాలుగోది, ఏమీ చెప్పకుండా కొత్త ఉద్యోగంలో చేరిపోవడం. చాలామంది చేసేది ఇదే, అందుకే దీని ఫలితాన్ని కాస్త విడమరిచి చెబుతాను. అక్కడ చేరే ముందు మీ ఇప్పటి డోసు రికార్డు అడుగుతారు, బహుశా ప్రారంభ పరీక్షలు కూడా చేస్తారు. ఆ మూత్రపరీక్షలో అతి స్వల్పంగానైనా ఏదైనా కనిపిస్తే, ఎప్పుడు ఎక్కడ అన్నదానికి కాగితం మీద ఏ సమాధానమూ ఉండదు. ఏదీ కనిపించకపోతే మీరు ఊపిరి పీల్చుకుంటారు, ఎడమ గ్లవ్ మాత్రం అక్కడే ఉంటుంది.

నా మొగ్గు మొదటి దారి వైపు, ఒక వారం గడువుతో. కానీ మీ సీనియర్ స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. ఆయన ఒత్తిడికి మీరు లొంగిపోతారన్న అనుమానం మీకే ఉంటే రెండోదే మేలు. మీకు చర్య భయం కూడా ఉండవచ్చు. ఆలస్యంగా చెప్పినందుకు వివరణ అడుగుతారు, కొన్నాళ్లు గ్లవ్ బాక్స్ పని ఆపవచ్చు, శిక్షణ మళ్లీ చేయించవచ్చు. తనంత తాను వచ్చి చెప్పిన మనిషికీ, బయటపడ్డాక ఒప్పుకున్న మనిషికీ తేడా చూడని ప్రయోగశాల అయితే, అక్కడ మీరు ఎనిమిదేళ్లు ఉన్నదే ఎక్కువ.

రేడియోకెమిస్ట్రీ పుస్తకాల్లో మనందరం చదువుకున్న ఒక ఘట్టం మీ ఉత్తరం చదువుతుంటే పదేపదే గుర్తొచ్చింది. 1938 డిసెంబరులో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తగిలిన యురేనియంలో రేడియం పుట్టిందనుకుని దాన్ని, వెంట మోసుకురావడానికి కలిపిన బేరియం (వాహకం) నుంచి వేరుచేయాలని చూస్తే, ఎన్నిసార్లు స్ఫటికీకరించినా అది బేరియాన్ని విడిచి రాలేదు. యురేనియం అంత బరువైన కేంద్రకం బేరియం ఇస్తుందని అప్పటి భౌతికశాస్త్రం ఒప్పుకోదు. అయినా తమ కౌంటరు చెప్పిందే, అంటే బేరియమనే, రాశారు. భౌతిక శాస్త్రవేత్తలు లీజె మైట్నర్, ఓటో ఫ్రిష్ కొద్ది వారాల్లోనే, కేంద్రకం రెండుగా చీలిందని దానికి అర్థం చెప్పారు. మీ సీనియర్ ఈ కథను మీకు చెప్పకుండా ఉండి ఉండరు. ఆయనతో మాట్లాడేటప్పుడు దాన్ని ప్రస్తావించాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ప్రస్తావించను, నొప్పి ఎక్కువవుతుంది.

కొత్త ఉద్యోగం గురించి. దాన్ని మీ భర్త చూస్తున్నట్టుగా, రేడియేషన్ నుంచి తప్పించుకునే గుమ్మంగా చూడకండి. ఔషధ ప్రయోగశాలలో పదార్థాల అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) తక్కువ, ఫ్లోరిన్-18కు 110 నిమిషాలు, టెక్నీషియం-99ఎమ్‌కు ఆరు గంటలు, లుటీషియం-177కు ఆరున్నర రోజులకు కాస్త ఎక్కువ; కానీ అవి పనిచేసేవారి వంక కన్నార్పకుండా గామా కిరణాలు వదులుతాయి. అక్కడ వేలికి ఉంగరం బ్యాడ్జీ పెట్టుకుంటారు, చేతులకు వచ్చే డోసే పెద్ద సమస్య గనుక. గడియారంతో పోటీపడుతూ, తెల్లవారకముందే మొదలుపెట్టే పని. ఇప్పుడు చికిత్సల కోసం ఆక్టీనియం-225 వంటి ఆల్ఫా పదార్థాలూ వస్తున్నాయి, మీ నైపుణ్యాన్ని వాళ్లు కోరుకోవడానికి అదీ ఒక కారణం అయి ఉంటుంది. మీ బ్యాడ్జీ రీడింగు అక్కడ పెరిగే అవకాశమే ఎక్కువ, గర్భం వస్తే అక్కడా పని మార్చవలసిందే. చేసిన పని మర్నాడే ఒక రోగికి అందుతుందన్నది మీకు నచ్చితే వెళ్లండి, అది చాలా మంచి కారణం. భయంతో వెళితే ఆ భయం మీతో పాటే కోటు తొడుక్కుని వస్తుంది.

మీ భర్త కోపం గురించి రెండు మాటలు. ఆయన భయంలో సగం తెలియనితనం, సగం తనకు చెప్పలేదన్న బాధ. మొదటి సగాన్ని మీరు తీర్చలేరు. మీ నోట వచ్చే ప్రతి అంకె ఆయనకు సర్దిచెప్పడంలా వినిపిస్తుంది. వీలైతే ఫలితాలు వచ్చిన రోజున, లేదా అంతకుముందే, డోసు లెక్కగట్టేవారితోనో వైద్యునితోనో ఆయన్ను నేరుగా మాట్లాడనివ్వండి. ఆయన అడిగే ప్రశ్నలు మీకు చిన్నతనంగా అనిపించినా మధ్యలో కల్పించుకోకండి. రెండో సగానికి మందు మీ దగ్గరే ఉంది: రిపోర్టు ఇవ్వబోతున్నానని ఆయనకు ముందుగా చెప్పండి, ఈసారి అందరికంటే ముందు తెలిసేది ఆయనకే కావాలి. ఉద్యోగం మానాలా వద్దా అన్న చర్చను ఫలితాలు వచ్చేదాకా ఇద్దరూ వాయిదా వేసుకోగలిగితే మంచిది. బిడ్డ విషయం కూడా అప్పటిదాకా ఆగితే మీ మనసుకే హాయి. ఆ మూత్ర పరీక్షలకు పట్టేది కొన్ని వారాలే.

ఈ ఉత్తరం అందిన రాత్రి ఒక పని చేయండి. ఎవరికీ ఇవ్వనక్కరలేదు, ఒక కాగితం మీద ఆ సాయంత్రం గురించి గుర్తున్నది రాసుకోండి: తేదీ, ఇంచుమించు వేళ, బాక్సు నంబరు, ఏ గ్లవ్, లోపల ఏ ద్రావణం ఎంత గాఢతలో, ఆఖరిసారి పట్టుకున్న వస్తువు ఏది, మొదటి రీడింగు, ప్రతి కడుగుడు తరువాత రీడింగు, మానిటరుకూ మొదటి కడుగుడుకూ మధ్య ఎంతసేపు, ఆ చేత్తో ఇంకేం తాకారు. ఎవరు ఏమన్నారో ఆ కాగితం మీద వద్దు, అది వేరే సంభాషణ. కౌంట్లు ఎన్నో గుర్తు లేకపోతే అంచనా వేసి అంకె పెట్టకండి. గుర్తు లేదనే రాయండి.